తప్పిపోయిన తమ్ముడిని వెతికే అక్క కథలో నవ్వు ఎంతవరకు ఉండవచ్చు? (గంగజాతర నేపథ్యంలో తీయబోయే చిన్న సినిమా)

కోటకొమ్మలవీధి అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఐదుగురం కలిసి తిరుపతిలో ఒక చిన్న సినిమా తీయడానికి రెండేళ్ళుగా సిద్ధమవుతున్నాము. నిర్మాత అంటూ వేరే ఎవరూ లేరు. చీటీ పాడిన డబ్బు, ఒకరి బంగారం కుదువపెట్టిన డబ్బు, ఇద్దరి జీతాలలో మిగిలింది, ఇదే మా పెట్టుబడి. కథ నేను రాశాను. అది పూర్తయిన తర్వాతే నాకు అసలైన సందేహం పట్టుకుంది. ఇక్కడ సినిమా తెలిసినవారు, తిరుపతి తెలిసినవారు ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తిరుపతి గ్రామదేవత గంగమ్మకు ఏటా వారం రోజులు చేసే గంగజాతరలో, చివరి మంగళవారం నాడు, మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, సవరం పెట్టి, పూలు తురుముకుని ఆడవేషం వేసిన 26 ఏళ్ళ కుర్రవాడు ఆ సాయంత్రం ఇంటికి తిరిగి రాడు. అతని అక్క ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. ఆమె ఫోనులో తమ్ముడి ఫోటోలు లేవని కాదు, ఉన్నవన్నీ పాతవి. కొత్తగా ఉన్నది ఆ రోజు పొద్దున ఆమే తీసిన ఫోటో ఒక్కటి. అందులో వాడు ఆమె పెళ్ళిపట్టుచీరలో, ఆమె గాజులు వేసుకుని, ఆమె పెట్టిన బొట్టుతో ఉంటాడు. ఆ ఫోటో పట్టుకుని ఆమె గాంధీరోడ్డు పూల అంగళ్ళ దగ్గర "ఈ అబ్బోణ్ణి చూసినారా" అని అడిగితే, "ఈ పాపను చూడలేదమ్మా" అంటారు. ఒక పెద్దావిడ అయితే ఫోటోను దగ్గరగా చూసి, చీర ఎక్కడ కొన్నారని అడుగుతుంది. కథంతా ఇలాగే నడుస్తుంది. ఆమె వెతుకులాట నిజమైనది, భయం నిజమైనది, కానీ ఎదురయ్యే ప్రతి మనిషి దగ్గరా ఏదో ఒకటి నవ్వు తెప్పిస్తుంది.

ఈ కథ నాకు ఊహలో పుట్టింది కాదు. మా అమ్మకు సొంత తమ్ముడు, అంటే మా మేనమామ, 1998లో పని వెతుక్కుంటానని కాట్పాడి వైపు వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పుడు మా వాళ్ళు ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే, మనిషి కనిపించకుండా పోయింది మా పరిధిలో కాదని ఒక స్టేషనువాళ్ళు, ఇల్లు ఉన్నది మా పరిధిలో కాదని ఇంకొక స్టేషనువాళ్ళు చెప్పి తొమ్మిది రోజులు తిప్పారట. ఆ తర్వాత కొన్నాళ్ళకు, వేలూరు కోట దగ్గర పరోటా మాస్టరుగా మామను చూశామని ఎవరో చెబితే అమ్మ, పెద్దమామ తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళారు. వెనుక నుంచి అచ్చం మామలాగే ఉన్న ఒక మనిషి కనిపించాడు. పిలిస్తే పారిపోతాడేమోనని ఇద్దరూ పిలవకుండా అంగడివీధి అంతా అతని వెనకే నడిచారు. అతను కూరగాయలు కొన్నాడు, ఒక చోట సైకిలుకు గాలి కొట్టించుకున్నాడు, చివరికి టీ అంగడి ముందు కూర్చుని మూడు గ్లాసులు చెప్పాడు. వీళ్ళ వైపు తిరిగి, ఇంత దూరం నడిచారు కదా, కూర్చుని తాగండి అని అరవంలో అన్నాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా అమ్మ సైకిలుకు గాలి కొట్టించుకున్న చోట ప్రతిసారీ నవ్వుతుంది. మూడు గ్లాసుల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతుంది. 

కథ రాయడం అయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. అమ్మ సగం దాకా కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వింది. మా పిన్ని మాత్రం మధ్యలోనే లేచి, "మా అన్న బతుకు మీ నవ్వులకు దొరికిందా" అని వెళ్ళిపోయింది. ఆమె అన్న మాట నన్ను వదలడం లేదు. అమ్మ నవ్వుకు నేను హక్కు తీసుకుంటే పిన్ని కోపానికి కూడా జవాబు చెప్పాలి కదా. 

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి కథలో నవ్వు ఎక్కడ ఉండవచ్చు, ఎక్కడ ఉండకూడదు? పోలీసు స్టేషను సన్నివేశాలు ఈ రోజు జరిగే పద్ధతికి దగ్గరగా ఉండాలంటే ఏం తెలుసుకోవాలి? తమ్ముడు చివరికి దొరకాలా? జాతర జనంలో చిత్రీకరణ మా బోటివాళ్ళకు సాధ్యమా? మామూలుగా మెచ్చుకునే మాటలు వద్దు. తప్పు ఉన్న చోట తప్పని చెప్పండి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, చిత్తూరు

అమ్మా, నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ వాళ్ళను తొమ్మిది రోజులు తిప్పిన సంగతి చదివి బాధపడ్డాను. అలాంటివి జరగలేదని నేను అనను.

పద్ధతి ముందు చెబుతాను. పెద్దవాళ్ళు కనిపించకపోతే మా వాడుకలో దానిని "మ్యాన్ మిస్సింగ్" కేసు అంటారు. ఈ రోజు మీ కథ జరుగుతున్నట్లయితే పరిధి కాదని పంపించే సన్నివేశాన్ని 1998లో జరిగినట్టే రాయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం గురించిన సమాచారాన్ని ఏ స్టేషనులో ఇచ్చినా తీసుకోవాలి; తర్వాత సంబంధిత స్టేషనుకు బదిలీ చేస్తారు. దానినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. పిల్లల విషయంలో అయితే, ఫిర్యాదు రాగానే కేసు నమోదు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. కేసు కట్టాక ఫోటో, వివరాలు మిగతా స్టేషన్లకు పంపుతారు, ఫోను చివరిసారి ఏ టవరు కింద ఉందో చూస్తారు, బస్టాండు, రైల్వే స్టేషను కెమెరాలు చూస్తారు, ఆసుపత్రులలో అడుగుతారు. రైలుపట్టాల మీద దొరికిన శవాల సంగతి రైల్వే పోలీసులు చూస్తారు కాబట్టి తిరుపతి, రేణిగుంట రెండు చోట్లా వాళ్ళను కూడా కలవాలి. మార్చురీకి పిలిపించడం అనేది కుటుంబానికి అన్నిటికంటే కష్టమైన ఘట్టం. నా మాట వింటే ఆ సన్నివేశంలో ఎవరి చేతా నవ్వించే మాట అనిపించకండి. అక్కడికి వచ్చిన తండ్రులను నేను చూశాను. తమ బిడ్డ కాదని తెలిసిన క్షణంలో వాళ్ళ ముఖంలో కనిపించే సంతోషం, ఆ వెంటనే ఇది ఇంకొకరి బిడ్డ కదా అని ఆ సంతోషానికే సిగ్గుపడటం, ఇవి చూపగలిగితే చాలు.

మీకు నవ్వు దొరికే చోటు ఫిర్యాదు రాసుకునే బల్ల దగ్గర ఉంది. మేము ఎత్తు, రంగు, ఒడ్డు పొడుగు, పుట్టుమచ్చలు, చివరిసారి వేసుకున్న బట్టలు అడిగి రాస్తాము. ఒకసారి ఒక అక్క తమ్ముడి గురించి ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చింది. ఎత్తెంతమ్మా అంటే తన భుజం మీద చెయ్యి పెట్టి, "ఇంత ఉంటాడు సార్" అంది. వయసు ఎంతంటే ఇరవైనాలుగు అంది. నేను రాయడం ఆపి ఆమెను చూశాను. ఆమెకు కూడా అప్పుడే తెలిసింది, తాను చెప్పింది పదేళ్ళ నాటి ఎత్తు అని. పక్కనున్న మా రైటరు నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. చామనఛాయ అని రాసుకున్నాను, అయిదడుగుల ఎనిమిదంగుళాలు అని అందాజుగా రాసుకున్నాను. వాడు మూడో రోజు దొరికాడు. వచ్చి నిలబడితే అయిదడుగుల పది ఉన్నాడు.

మీ కథలో చీరకట్టు ఫోటో చూసి కానిస్టేబులు వెకిలిగా నవ్వినట్టు రాయవద్దు. తిరుపతిలో పనిచేసే ఏ పోలీసుకైనా జాతర వేషం అంటే ఏమిటో తెలుసు. అతని ఇబ్బంది వేరుగా ఉంటుంది: "చివరిసారి ధరించిన దుస్తులు" అన్న గడిలో పట్టుచీర, జాకెట్టు, గాజులు అని మగమనిషి పేరు కింద రాయాలి, ఇంకొక జిల్లాలో ఆ కాగితం చదివేవాడికి అర్థమయ్యేటట్టు కూడా రాయాలి. అతను నిజాయితీగా ఆలోచిస్తూ కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాస్తుంటే నవ్వు దానంతట అదే వస్తుంది. ఇంకొక మాట. కొండకు వచ్చే యాత్రికులలో తలనీలాలు ఇచ్చినవాళ్ళు వేలల్లో ఉంటారు కనుక, మా దగ్గర గుండు అనేది గుర్తు కిందకు రాదు. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు "గుండు చేయించుకుని ఉంటాడు సార్" అని ఆశగా చెబితే ఏమనాలో మాకు తోచదు.

ముగింపు గురించి ఒక విషయం. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తన ఇష్టంతో ఇల్లు విడిచి వెళ్ళాడని తేలితే మేము అతన్ని చెయ్యిపట్టి ఇంటికి లాక్కురాలేము. వాంగ్మూలం తీసుకుంటాము, క్షేమంగా ఉన్నాడని ఇంటివాళ్ళకు చెబుతాము, కేసు మూసేస్తాము. "ఉన్నాడమ్మా, కానీ రానంటున్నాడు" అన్న మాట చెప్పడానికి నేను చాలాసార్లు స్టేషను మెట్ల మీద నిలబడ్డాను. దొరకడం, దొరకకపోవడం అని మీరు రెండే అనుకుంటున్నారు. మా రికార్డులో ఈ మూడోది చాలా ఉంది.

తాతయ్యగుంట పక్కవీధి

మా ఇంట్లో మూడు తరాలుగా జాతర వేషం వేస్తున్నాము. మీ కథ విని సంతోషించాను, కానీ మీరు జాతరను కేవలం రంగుల నేపథ్యంగా వాడుకుంటున్నారేమో అనిపించింది. దాని కథ ఏమిటో ఒకసారి తలచుకోండి. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాణ్ణి సంహరించడానికి గంగమ్మ వస్తుంది. వాడు భయపడి దాక్కుంటాడు. అమ్మవారు రోజుకొక వేషం మార్చుకుంటూ వాణ్ణి వెతుకుతుంది. మొదట బైరాగి వేషం, ఆ తర్వాత బండ వేషం, తోటి వేషం. నాలుగో రోజు దొరవేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడతాడు. వాణ్ణి వధించాక మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యను ఓదారుస్తుంది. అంటే, అమ్మా, మా జాతర అంతా ఒక వెతుకులాటే. మీ అక్క వెతుకుతున్న వారంలోనే ఊరంతా ఆ తల్లి వెతుకులాటను ఆడుతూ ఉంటుంది. ఇంత పెద్ద సంగతి చేతిలో ఉండగా మీరు దాన్ని పక్కన పెట్టారు.

ఇంకా ఉంది. గంగమ్మను ఏడుకొండలవాడి చెల్లెలుగా కొలుస్తాము. జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి పుట్టింటి సారె వస్తుంది. కింద ఊళ్ళో పవళించి ఉన్న గోవిందరాజస్వామిని ఆయనకు అన్నగా చెప్పుకుంటాము. తమ్ముడి పెళ్ళి అప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కథ మీద నిలబడిన ఊరు మనది. మీ అక్క గోవిందరాజస్వామి గుడిముందు నిలబడి, "నువ్వు పడుకో సామీ, నేను వెతుక్కుంటా" అన్నదంటే మా వీధిలో నవ్వనివాడు ఉండడు, తప్పుపట్టేవాడూ ఉండడు.

ఒక తప్పు చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. మీరు చివరి మంగళవారం తమ్ముణ్ణి తప్పించినట్టున్నారు. మరునాటి తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప నరకడంతో జాతర ముగిసిపోతుంది, జనం ఆ మట్టి అందుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. మీ అక్క ఖాళీ వీధులలో వెతుకుతుంది. తప్పిపోవడాన్ని తొలి బుధవారానికి జరపండి. అప్పుడు ఏడు రోజులూ ఆమెవే అవుతాయి. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదన్న కట్టుబాటు కూడా ఆమెకు అడ్డుపడుతుంది. రేణిగుంటలో చూశామని ఎవరో చెబుతారు. ఆమె బయలుదేరబోతే అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని, "చాటింపు అయినాక పొలిమేర దాటతావా" అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒకరు మనవడి కోసమే వద్దంటున్నారు, ఇంకొకరు తమ్ముడి కోసమే పోతానంటున్నారు.

రెండో రోజు బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని బూతులు తిడుతూ తిరుగుతారు. ఆ తిట్టడం మొక్కులో భాగం, ఎవరూ కోపం తెచ్చుకోరు. మీ అక్క ఫోటో చూపించి అడిగితే వేషంలో ఉన్నవాడు తిట్టాలి. వాడు తమ్ముడి స్నేహితుడే అనుకోండి. గట్టిగా నాలుగు తిట్లు తిట్టి, వెంటనే గొంతు తగ్గించి, "అక్కా, నిన్న రాత్రి బస్టాండు దగ్గర చూసినా" అని చెప్పి, మళ్ళీ గట్టిగా తిట్టుకుంటూ వెళ్ళిపోతాడు. ఇది నేను మా చిన్నాన్న చేయగా కళ్ళారా చూశాను. ఆయన ఒక ముసలావిడను తిడుతూనే రోడ్డు దాటించాడు.

ఆడవేషం గురించి ఒక్కటే కోరతాను. మగవాడు చీర కట్టాడన్నదే నవ్వుగా తీయకండి. మేము ఉపవాసం ఉండి, పసుపు నీళ్ళు పోసుకుని ఆ చీర కడతాము. నా పెళ్ళయిన మొదటి ఏడు నా భార్య నాకు కుచ్చిళ్ళు సర్దుతూ, తల వంచి, అమ్మవారికి సర్దినంత శ్రద్ధగా సర్దింది. మీ సినిమాలో అక్క తమ్ముడికి చీర కట్టే సన్నివేశం మొదటే ఉండాలి, నిదానంగా ఉండాలి, అందులో ఎవరూ నవ్వకూడదు. అది చూసినవాడికి ఆ తర్వాత ఆ ఫోటో మీద ఎంత నవ్వు వచ్చినా, అది ఆ పిల్లవాడి మీద నవ్వు కాదు.

పలమనేరు చెల్లెలు

నేను మీ పిన్ని పక్షాన రాస్తున్నాను. మా అక్క 2009లో ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఆమెకు మనసు సరిగా లేదు; ఆ మాట ఊళ్ళో చెప్పడానికి సిగ్గుపడి మా నాయన మొదటి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల కోసం ఆయన పోయేదాకా ఏడ్చాడు. 

వెతకడం అంటే వీధులు తిరగడం ఒక్కటే కాదు, అది మీ కథలో నాకు కనబడలేదు. రేషన్ కార్డులో పేరు తీసేయమంటే మా అమ్మ ఒప్పుకోలేదు. ఏడేళ్ళు ఎవరికీ ఏ సమాచారమూ తెలియకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చని చట్టంలో ఉందట. ఆ గడువు నిండగానే పొలం పంపకాల కోసం కోర్టుకు వెళ్ళి ఆ మాట రాయించుకుందామని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. మా అమ్మ ఆయనకు నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించింది. రాత్రి కుక్క మొరిగితే ఎవరో ఒకరు లేచి వాకిట్లోకి వెళ్ళేవాళ్ళం. లేచినవాళ్ళు "పిల్లి" అని చెప్పి వచ్చి పడుకునేవాళ్ళు. ఆరేళ్ళూ పిల్లే.

2015లో తమిళనాడులో ఇళ్ళు లేని మానసిక రోగులను చూసుకునే ఒక ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది. అక్క తన పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయిందట. తెలుగు అని తెలుసు, ఊరు తెలియదు. అక్కడికి కొత్తగా చేరిన ఒక నర్సు, అక్క "యాడికి పోతా ఉండావు" అనడం విని, ఇది మా వైపు మాట అని నిలబడిపోయిందట. ఆ అమ్మాయిది మదనపల్లె వైపు. రోజూ పక్కన కూర్చుని మా వైపు ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ పోయిందట. పలమనేరు అనగానే అక్క తల ఎత్తింది. మా అక్కను పోలీసులు చూపించిన ఫోటో పట్టించలేదు, మా యాస పట్టించింది. ఇలా వెతికి ఇళ్ళకు చేర్చే పనిలో జీవితాన్ని పెట్టినవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. ముంబయికి చెందిన మానసిక వైద్యుడు భరత్ వాట్వానీకి ఇదే పనికి 2018లో మెగసెసే పురస్కారం ఇచ్చారు. రోడ్డు మీద మాసిన బట్టలతో కనిపించే మనిషిని నవ్వించడానికి మీ సినిమాలో పెట్టుకుంటే మాత్రం నేను క్షమించలేను. ఆ మనిషి కోసం ఎక్కడో ఒక ఇంట్లో కుక్క మొరిగితే లేస్తున్నారు.

నేను వెళ్ళి ఎదురుగా నిలబడితే అక్క నన్ను గుర్తుపట్టలేదు. నేను నీ చెల్లెల్ని అంటే నమ్మలేదు. "మా చెల్లెలు ఇంతే ఉంటాది" అని మంచం కోడు ఎత్తు చూపించింది. పైన విశ్రాంత పోలీసాయన రాసిన భుజం సంగతి చదివి చాలాసేపు ఈ ఫోను పక్కన పెట్టేశాను.

ఇదంతా రాశాక ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆశ్రమం నుంచి బయలుదేరేటప్పుడు, అక్కడి అమ్మ మా అక్కను జాగ్రత్తగా తీసుకెళ్ళమని నాకు చెబుతుంటే, అక్క ఆమెను పక్కకు పిలిచి, "ఈ పిల్ల ఎవరో గానీ మంచిదే, నన్ను మా ఊళ్ళో దించుతాదంట" అంది. మేము ఇద్దరమూ నవ్వాము. దారి పొడవునా బస్సులో నేను ఆమెకు ఎవరో ఒక మంచి పిల్లనే. కాబట్టి నవ్వు వద్దని నేను అనలేను. మీ పిన్నికి మీరు ముందు తమ్ముడి కుర్చీని చూపించండి, అతను ఇంట్లో లేని చోటును చూపించండి. మీ కథ చదివినప్పుడు అది లేకపోవడమే ఆమెను లేపి పంపించి ఉంటుంది. 

శబ్దగ్రహణం పని

నేను తిరుపతివాణ్ణే, హైదరాబాదులో చిన్న సినిమాలకు లొకేషన్ సౌండ్ చేస్తుంటాను. కథ గురించి పైవాళ్ళు నాకంటే బాగా చెప్పారు. పని సంగతి రాస్తాను.

కొండ మీద తీయాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఆలయంలోకి ఫోను కూడా తీసుకువెళ్ళనివ్వరు, అలిపిరి దగ్గరే సామాను తనిఖీ ఉంటుంది, డ్రోను ఎగరేస్తే కేసు అవుతుంది. మీ కథకు కొండ అవసరం లేదు కూడా. కింద నుంచి కనిపించే కొండ చాలు. ఊళ్ళో ఏ వీధి చివర నిలబడినా అది కనిపిస్తూనే ఉంటుంది.

జాతరను ఒకే విడతలో తీయలేరు. ఈ ఏడు జాతరకు ఒక కెమెరా, ఒక రికార్డరు, ముగ్గురు మనుషులు మాత్రమే వెళ్ళి, అక్క పాత్ర చేసే ఆమెను జనంలో నడిపించి, మాటలు లేని దృశ్యాలు తీసుకోండి. గంగమ్మ గుడివాళ్ళను, స్థానిక పోలీసులను ముందే కలిసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వేషంలో ఉన్న భక్తుల ముఖాలు దగ్గరగా తీస్తే, అడిగి తీయండి. మాటలున్న సన్నివేశాలను తర్వాత ఒక చిన్న సందులో ముప్పై నలభైమందికి వేషాలు వేసి తీసుకోవచ్చు. తాతయ్యగుంట పక్కవీధివారి వంటివాళ్ళు సాయం చేస్తే వేషంలో తప్పు రాదు. మే నెల ఎండలో పదిగంటల తర్వాత ముఖానికి రాసిన రంగు నిలబడదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు తర్వాత, ఇవే మీ సమయాలు.

డబ్బింగ్‌కు వెళ్ళకండి. పలమనేరు చెల్లెలి మాట చదివాక ఇది మరీ గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మన యాసను స్టూడియో అద్దాల గదిలో మూడు నెలల తర్వాత మళ్ళీ పలికిస్తే, "ఉండాడు" అన్నమాట అలాగే ఉంటుంది గానీ దాని సాగదీత పోతుంది. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో ఎక్కువమంది ఆ ఊరివాళ్ళే నటించారు. ఊరివాళ్ళు తమ మాట తాము మాట్లాడితే ఎంత బలమో అందరూ చూశారు. చిన్న మైకును పూలదండలో దాచవచ్చు, మాతంగి వేషంలో అయితే నగల కింద దాచవచ్చు. పట్టుచీర గరగరలాడుతుంది కాబట్టి లోపలి వైపు మెత్తటి గుడ్డ కుట్టించండి. మీ కథానాయిక దర్జీ కదా, ఆ పని ఆమె చేతనే చేయించండి.

తిరుపతిలో తప్పిపోవడానికి ఒక శబ్దం ఉంది. యాత్రికులు గుమిగూడే చోట మైకులో ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానావారు, మీ వాళ్ళు ఇక్కడ ఎదురుచూస్తున్నారు అని తెలుగులో, అరవంలో, కన్నడంలో, హిందీలో వినిపిస్తూ ఉంటుంది. ఊళ్ళో పుట్టి పెరిగిన మనకు అది చెవికి ఎక్కదు. మీ అక్కకు సినిమా మొదట్లో ఎక్కకూడదు. తమ్ముడు పోయిన రెండో రోజు నుంచి ప్రతి ప్రకటనకూ ఆమె చెయ్యి మిషను చక్రం మీద ఆగాలి. నిజమైన ప్రకటనలను రికార్డు చేసి వాడకండి, అవి ఎవరివో కష్టాలు. మీరే కల్పిత పేర్లతో రాసుకుని చదివించండి. మార్చురీ సన్నివేశంలో సంగీతం పెట్టకండి, గదిలోని ఫ్యాను చాలు.

కోటకొమ్మలవీధి అమ్మాయి

నాలుగు జవాబులనూ ప్రింటు తీసుకుని అమ్మకు, పిన్నికి చదివి వినిపించాను. పిన్ని రానంటే వాళ్ళింటికే వెళ్ళి చదివాను. పలమనేరు అక్కగారు రాసిన కుక్క, పిల్లి మాట దగ్గర పిన్ని నన్ను ఆపమని, మా ఇంట్లో కూడా అంతే, మీ అమ్మ లేచేది, నేను పడుకున్నట్టు నటించేదాన్ని అని చెప్పింది. ఈ మాట నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కథలో అక్కకు ఒక చెల్లెల్ని చేర్చాను. ఆమె వెతకడానికి రాదు. ఇంట్లో ఉండి, అక్క తిరిగి వచ్చేసరికి అంబలి కలిపి పెట్టి, ఏమైందని అడగకుండా గిన్నె ముందుకు జరుపుతుంది.

తప్పిపోయే రోజును తొలి బుధవారానికి జరిపాను. అవ్వ గడపకు అడ్డం కూర్చునే సన్నివేశం రాశాను. ముగింపుగా మెట్ల మీద నిలబడిన హెడ్ కానిస్టేబులు "ఉన్నాడమ్మా" అనే దగ్గర ఆపాను. రానన్నాడా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు, దానికి జాతర దాకా సమయం తీసుకుంటాను. దొరవేషం రోజు వేషగాళ్ళ మధ్య తీయడానికి సాయం అడుగుతూ తాతయ్యగుంట పక్కవీధివారికి విడిగా రాస్తున్నాను.

భుజం మీద చెయ్యి పెట్టి ఎత్తు చెప్పే సన్నివేశం విన్నాక అమ్మను అడిగాను, మామ ఎంత ఎత్తు ఉండేవాడు అని. ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళి, చెయ్యి పైకి చాపి, ఇంకా పొడుగు అంది. వంటింట్లోంచి పీట తెమ్మంది. పీట ఎక్కి నిలబడి, తలుపు పైచట్రానికి నాలుగు వేళ్ళ కింద అరచెయ్యి ఆనించి, "ఇంత" అని, నేను పెన్సిలుతో గీత గీసేదాకా అలాగే ఉంది. తర్వాత దిగి, కథలో ఆ చీర పచ్చ రంగు అని రాశావు, అది మార్చు, నా పెళ్ళిచీర వంకాయ రంగు అంది.